పెద్దపేగు స్టోమాకు ఇంట్లోనే ఇరిగేషన్ చేసుకోవడం ఎలా

పెద్దపేగును పొట్ట మీద చేసిన ద్వారం గుండా బయటికి తెచ్చే ఆపరేషన్‌ను కొలోస్టమీ అంటారు, ఆ ద్వారాన్ని స్టోమా అంటారు. కొలోస్టమీ జరిగిన మనిషికి మలం ఏ వేళకు వస్తుందో తెలియదు. మలద్వారానికి ఉండే కండరపు పట్టు స్టోమాకు లేదు కనుక, ఆపుకోవడం అనేది అతని చేతిలో ఉండదు. అన్నం ముందు కూర్చున్నప్పుడు రావచ్చు, బస్సులో రావచ్చు, అర్ధరాత్రి నిద్రలో రావచ్చు. అందుకే పొట్ట మీద సంచి అంటించుకుంటారు, దానితోనే ఏళ్ల తరబడి చక్కగా బతుకుతారు. అయితే పొట్టకు ఎడమ పక్కన శాశ్వత కొలోస్టమీ ఉన్నవారిలో కొందరికి మరొక దారి కూడా ఉంది. రోజూ ఒకే వేళకు స్టోమా గుండా గోరువెచ్చని నీటిని పెద్దపేగులోకి నెమ్మదిగా పంపితే, ఆ నీరు పేగు గోడను సాగదీసి కదలికను పుట్టిస్తుంది. అప్పుడు నీటితో పాటు మలమంతా ఒక గంటలోపు బయటికి వచ్చేస్తుంది. ఆ తరువాత మరునాటి వరకు, అలవాటు కుదిరిన కొందరికి రెండు రోజుల వరకు, స్టోమా దాదాపు ఊరకుంటుంది. దీనినే ఇరిగేషన్ అంటారు.

మా నాన్నగారు ఒడిశాలోని బరంపురంలో పట్టు నేతపని చేసేవారు. గుంట మగ్గంలో కూర్చున్నప్పుడు నేసిన బట్ట చుట్టుకునే కర్ర సరిగ్గా పొట్టకు ఎదురుగా ఉంటుంది. ముందుకు వంగిన ప్రతిసారీ సంచి నలిగేది, అంచు ఊడేది. ఆపరేషన్ అయిన తరువాత ఆయన నోరు తెరిచి అడిగిన మొదటి ప్రశ్న, తిరిగి మగ్గం ఎక్కగలనా అని. ఆసుపత్రి ఇచ్చిన కాగితం ఇంగ్లీషులో ఉంది. నర్సమ్మ ఆయనను మౌసా అని ఆప్యాయంగా పిలుస్తూ ఒడియాలో ఓపికగా చెప్పేది. నేను తెలుగులో నోటుపుస్తకంలో రాసుకున్నాను. బరంపురం, ఛత్రపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం ప్రాంతాలలో ఇదే పరిస్థితిలో ఉన్న తెలుగు ఇళ్లకు ఉపయోగపడుతుందని ఆ నోటుపుస్తకాన్ని విస్తరించి ఇక్కడ రాస్తున్నాను. ఇది నర్సు పక్కన కూర్చుని నేర్పించే పాఠానికి బదులు కాదు. మొదటిసారి ఇరిగేషన్‌ను తెలిసినవారి కళ్ల ముందే చేయాలి. ఇంటికి వచ్చాక మరచిపోకుండా ఉండడానికి మాత్రమే దీనిని దగ్గర పెట్టుకోండి.

ముందుగా, మీకు ఇది తగునా

ఈ ప్రశ్నకు జవాబు మీ సర్జన్ నోటి నుంచే రావాలి. మీ స్టోమా ఏ పేగుకు పెట్టారో డిశ్చార్జి కాగితంలో రాసి ఉంటుంది. పెద్దపేగు చివరి భాగంలో, అంటే ఎడమ వైపు కిందికి దిగే భాగంలోగాని, దాని తరువాత వంపు తిరిగే భాగంలోగాని స్టోమా ఉంటే ఇరిగేషన్ పనిచేస్తుంది, ఎందుకంటే అక్కడికి వచ్చేసరికి మలం గట్టిపడి ఉంటుంది. కుడి వైపు లేదా పొట్ట పైభాగంలో అడ్డంగా ఉన్న పేగుకు పెట్టిన స్టోమాలో మలం పలుచగా, ఎడతెగకుండా వస్తుంది కనుక ఎంత నీరు ఎక్కించినా వేళ కుదరదు. చిన్నపేగుకు పెట్టిన స్టోమాను ఇలియోస్టమీ అంటారు. దానికి ఇరిగేషన్ చేయకూడదు. కొన్ని నెలల తరువాత మూసివేయడానికి పెట్టిన తాత్కాలిక స్టోమాకు కూడా సాధారణంగా దీనిని సూచించరు.

స్టోమా సరైన చోటే ఉన్నా కొందరికి డాక్టర్లు వద్దంటారు. గుండె బలహీనంగా ఉన్నవారు, కిడ్నీ జబ్బు ఉన్నవారు ఈ జాబితాలో ముందుంటారు, ఎందుకంటే పేగు ఆ నీటిలో కొంత పీల్చుకుంటుంది, దానిని వారి శరీరం తట్టుకోలేకపోవచ్చు. స్టోమా పక్కన హెర్నియా ఉబ్బు ఉన్నవారు, స్టోమా బయటికి జారినవారు లేదా దాని ద్వారం బాగా ఇరుకైనవారు, క్రోన్స్ వంటి పేగు వాపు జబ్బులు ఉన్నవారు, పొట్టకు రేడియేషన్ తీసుకున్నవారు డాక్టరును ప్రత్యేకంగా అడగాలి. కీమోథెరపీ నడుస్తున్నప్పుడు విరేచనాలు సాధారణం కనుక అది ముగిసే దాకా ఆగమంటారు. ఆపరేషన్ గాయం మానడానికి కూడా వ్యవధి కావాలి. కొన్ని వారాల నుంచి మూడు నెలల దాకా పట్టవచ్చు, మీ డాక్టరు చెప్పిన వ్యవధే మీ వ్యవధి.

మరొక విషయాన్ని ఎవరూ కాగితం మీద రాయరు. ఈ పనికి రోజూ ఒక గంట కావాలి, ఆ గంట సేపు బాత్రూము మీ ఒక్కరిదే కావాలి. ఉమ్మడి కుటుంబంలో ఒకే బాత్రూము ఉంటే, అందరితో ముందుగా మాట్లాడి వేళ నిర్ణయించుకోండి. మా ఇంట్లో ఏడుగురం. పిల్లలు బడికి, తమ్ముడు పనికి వెళ్లాక, ఉదయం తొమ్మిదిన్నర నుంచి పదిన్నర వరకు బాత్రూము నాన్నగారిదని అమ్మ చెప్పింది, అదే శాసనం అయింది. ఇంటివారు తలుపు కొడుతూ ఉంటే ఈ పని కుదరదు. తొందరపాటులో నీరు వేగంగా వదులుతారు, నొప్పి వస్తుంది, పద్ధతి మీదే విసుగు పుడుతుంది.

కావలసిన సామాను

ఇరిగేషన్ సెట్టులో నాలుగు వస్తువులు ఉంటాయి. ఒకటిన్నర నుంచి రెండు లీటర్ల నీరు పట్టే, కొలత గీతలు ఉన్న ప్లాస్టిక్ సంచి. దానికి గొట్టం, నీటి ధారను తగ్గించి పెంచే బిగింపు. గొట్టం చివర మెత్తని కోన్. మలం జారిపోవడానికి స్టోమా చుట్టూ పెట్టుకునే పొడవాటి తొడుగు, దీనిని స్లీవ్ అంటారు, నడుముకు బెల్టుతో నిలుస్తుంది. వీటితో పాటు నీటితో కడిగితే పోయే జెల్, స్లీవ్ అడుగు మూయడానికి క్లిప్పు, పాత మెత్తని గుడ్డలు, పని పూర్తయ్యాక స్టోమా మీద పెట్టుకునే చిన్న సంచి లేదా స్టోమా క్యాప్ దగ్గర ఉంచుకోండి.

కోన్ విషయంలో రాజీ పడవద్దు. మందుల దుకాణంలో తక్కువ ధరకు దొరికే ఎనీమా డబ్బా, దాని గట్టి గొట్టం చూసి ఇదీ అదే కదా అనిపిస్తుంది. అలా వాడకండి. సన్నని గొట్టం పేగులోకి లోతుగా వెళ్లి గోడను చిల్లు చేయగలదు. కోన్ చివర సన్నగా, మొదలు వెడల్పుగా ఉంటుంది కనుక లోతుగా పోదు, పైగా ద్వారాన్ని మూసి నీరు వెనక్కు కారకుండా చూస్తుంది. మా ప్రాంతంలో ఈ సెట్టు ప్రతి మందుల దుకాణంలో ఉండదు. మా సెట్టును తెప్పించడానికి పది రోజులు పట్టింది. మీరు చికిత్స పొందిన ఆసుపత్రిలో, అది బరంపురం ఎం.కె.సి.జి. వైద్య కళాశాల ఆసుపత్రి అయినా, భువనేశ్వర్ ఎయిమ్స్ అయినా, విశాఖపట్నం కింగ్ జార్జి ఆసుపత్రి అయినా, స్టోమా సంరక్షణ నేర్పే నర్సు ఎవరైనా ఉన్నారా అని సర్జరీ విభాగంలో అడగండి. సామాను ఎక్కడ దొరుకుతుందో వారికే బాగా తెలుస్తుంది.

జెల్‌కు బదులుగా కొబ్బరినూనె రాసుకుందామనిపిస్తుంది. ఆ నూనె చర్మానికి అంటితే తరువాత సంచి జిగురు పట్టదు, కాబట్టి నూనె వద్దు.

నీరు

నేను అన్నింటికన్నా ఎక్కువగా చెప్పదలచినది నీటి గురించే, ఎందుకంటే సగం కష్టాలు అక్కడే పుడతాయి. తాగడానికి పనికిరాని నీరు పేగులోకి కూడా పనికిరాదు. మన వైపు చాలా ఇళ్లలో బోరు నీరు ఎర్రగా, ఇనుము వాసనతో వస్తుంది. ఊరికొక రుచి. మీరు తాగే నీరు వడపోసినదైతే అదే వాడండి, లేదా నీటిని మరిగించి మూతపెట్టి చల్లార్చండి. రాత్రే ఒక లీటరున్నర మరిగించి, మూతపెట్టి ఉంచితే ఉదయం పని సులువవుతుంది. అందులో కొంత నీటిని వేరుగా కాచి కలిపితే కావలసిన వేడి వస్తుంది. నీటిలో ఉప్పు, సబ్బు, నిమ్మరసం, డెటాల్, పసుపు, మరే మందూ కలపకండి. ఎవరు చెప్పినా సరే, కలపకండి.

వేడి మన శరీరపు వేడికి సమానంగా, అంటే 37 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉండాలి. థర్మామీటరు లేకపోతే, పసిబిడ్డకు నీళ్లు పోసే ముందు మోచేయి ముంచి చూస్తాం కదా, అలాగే చూడండి. వేడిగానూ చల్లగానూ తోచకపోతే సరైన వేడి. చల్లని నీటికి పేగు ముడుచుకుంటుంది, కడుపు పట్టేస్తుంది, కళ్లు తిరుగుతాయి. వేడెక్కువైతే పేగు లోపలి పొర కాలుతుంది, ఆ పొరకు మన చర్మంలాగా వేడిని తెలుసుకునే శక్తి లేదు కనుక కాలినట్టు మనకు వెంటనే తెలియదు. పుష్య మాసపు చలిలో గొట్టంలోనే నీరు చల్లబడుతుంది, అందువల్ల సంచి నింపగానే పని మొదలుపెట్టాలి.

ఎంత నీరు అన్నది మీ నర్సు చెప్పాలి. మొదటి రోజులలో 500 మిల్లీలీటర్ల దగ్గర మొదలుపెట్టి, తట్టుకున్నకొద్దీ 750కి, అవసరమైతే 1000కి పెంచుతారు. లీటరు దాటి మీ అంతట మీరు పెంచవద్దు. ఎక్కువ నీరు పోస్తే బాగా శుభ్రమవుతుందని నాన్నగారూ అనుకునేవారు. ఒక రోజు లీటరుంపావు పోసుకుని, ఆ మధ్యాహ్నమంతా కొసరి కొసరి నీరు కారుతుంటే విసిగిపోయారు. తరువాత 800 మిల్లీలీటర్లే ఆయనకు సరిపోయే కొలత అని తేలింది.

చేసే విధానం

ఉదయం టిఫిను లేదా వేడి టీ తీసుకున్న అరగంటకు పేగులో సహజంగానే కదలిక వస్తుంది. ఆ వేళను ఎంచుకుంటే నీటికి పేగు సులువుగా స్పందిస్తుంది. సాయంత్రం కుదిరేవారు సాయంత్రమే చేయవచ్చు, కాని రోజూ అదే వేళ కావాలి.

కమోడ్ ఉంటే దాని మీదనే కూర్చోండి, లేదా దాని ఎదుట కుర్చీ వేసుకోండి. మన ఇళ్లలో ఇంకా చాలా చోట్ల నేల మీది మరుగుదొడ్డే ఉంటుంది. అలాంటప్పుడు గొంతుక్కూర్చోకండి, పొట్ట మడతపడి నీరు లోపలికి పోదు. దొడ్డి ముందు ఒక అడుగు దూరంలో గట్టి ప్లాస్టిక్ స్టూలు వేసుకుని నిటారుగా కూర్చుంటే స్లీవ్ చివర సరిగ్గా గుంతలోకి వస్తుంది. అందకపోతే ఒక బకెట్టు పెట్టుకోండి. నీటి సంచిని గోడకు కొట్టిన మేకుకు తగిలించండి. మీరు కూర్చున్నప్పుడు దాని అడుగు మీ భుజం ఎత్తులో ఉండాలి. ఎత్తు పెరిగితే నీటి ఒత్తిడి పెరుగుతుంది, కడుపునొప్పి వస్తుంది. మేకును ఒకసారి సరిగ్గా కొలిచి కొట్టుకుంటే ఇక రోజూ ఆలోచించనవసరం లేదు.

సామానంతా చేతికందేలా పెట్టుకున్నాక చేతులు సబ్బుతో కడుక్కోండి. సంచిలో నీరు నింపి, బిగింపు వదిలి, కొద్దిగా నీటిని గొట్టం గుండా పారనిచ్చి మళ్లీ బిగించండి. గొట్టంలో ఉన్న గాలి అలా పోతుంది, లేకపోతే ఆ గాలి ముందుగా పేగులోకి వెళ్లి పొట్టను ఉబ్బిస్తుంది. పాత సంచిని పై నుంచి కిందికి చర్మాన్ని ఒక చేత్తో ఆనించుకుంటూ నెమ్మదిగా తీసి, స్టోమాను చూడండి. అది మన పెదవుల లోపలి భాగంలాగా ఎర్రగా, తడిగా ఉండాలి. తరువాత స్లీవ్ పెట్టి బెల్టు తగిలించండి. బెల్టు కింద రెండు వేళ్లు పట్టేంత వదులు ఉండాలి. స్లీవ్ అడుగును దొడ్డిలోకి వదలండి.

పేగు లోపలికి ఏ దిక్కుగా మలుపు తీసుకుంటుందో తెలుసుకోవడానికి మొదటి కొన్ని రోజులు నర్సు చూపిన విధంగా చిటికెన వేలికి గ్లవ్ తొడిగి, జెల్ రాసి, మెల్లగా చూడండి. గోళ్లు కత్తిరించుకోవడం మరవవద్దు. కొందరికి అది నేరుగా లోపలికి, కొందరికి కిందికి, కొందరికి పక్కకు ఉంటుంది. ఆ దిక్కు మనసులో ఉంచుకుని, జెల్ రాసిన కోన్‌ను స్లీవ్ పైభాగం గుండా తెచ్చి ఆ దిక్కుగానే స్టోమాలో ఆనించండి. ఒత్తిడితో తోయకండి. అడ్డు తగిలినట్టుంటే కొద్దిగా వెనక్కు తీసి, కోణం మార్చి, పొట్ట వదులు చేసి, నిట్టూర్పు విడిచినట్టు ఊపిరి వదలండి. చాలాసార్లు ఊపిరి వదలగానే కోన్ తన చోటికి తానే కూర్చుంటుంది.

కోన్‌ను మెల్లగా పట్టుకుని ఉండి, బిగింపును కొంచెం వదలండి. అర లీటరు నీరు లోపలికి వెళ్లడానికి కనీసం ఐదు నిమిషాలు, లీటరుకైతే పది నిమిషాల దాకా పట్టాలి. ఎంత నెమ్మదిగా పోతే అంత మంచిది. నాన్నగారు నీటి ధారను నూలు విప్పినట్టు వదలాలని అనేవారు. లాగితే తెగుతుంది, వదిలేస్తే చిక్కుపడుతుంది. నీరు పోతున్నప్పుడు పొట్ట నిండిన భావన కలుగుతుంది, అది సహజం. నొప్పి వస్తే వెంటనే బిగింపు మూసి, కోన్ తీయకుండా, నాలుగైదు దీర్ఘశ్వాసలు తీసుకోండి, పొట్టను అరచేత్తో మెల్లగా రాయండి. నొప్పి తగ్గాక మళ్లీ మొదలుపెట్టండి. తగ్గకపోతే ఆ రోజుకు అంతటితో ఆపండి. ఒంటికి చెమటలు పట్టి కళ్లు తిరిగితే కోన్ తీసివేసి, కాళ్లు కొంచెం ఎత్తులో ఉంచుకుని పడుకోండి. ఆ కారణంగానే తొలి నెలలో ఇంటివారు ఒకరు తలుపు బయట ఉండాలి, లోపలి నుంచి గడియ వేసుకోకూడదు.

నీరు అయిపోయాక రెండు మూడు నిమిషాలు కోన్‌ను అలాగే ఆనించి ఉంచి, తరువాత మెల్లగా తీసి, స్లీవ్ పైభాగాన్ని మూసివేయండి. నీరు, మలం ఒక్క ఊపులో రావచ్చు, ఆగి ఆగి వచ్చేదీ ఉంటుంది. మొదటి పదిహేను నిమిషాలలో ఎక్కువ భాగం వచ్చేస్తుంది. అంతసేపు కూర్చునే ఉండండి. ఆ తరువాత స్లీవ్ అడుగు కడిగి, మడిచి, క్లిప్పు పెట్టి, లేచి తిరగవచ్చు. మంచం దులపడం, పూలు కోయడం, పేపరు చదవడం ఏదైనా చేసుకోండి, నడక వల్ల మిగిలినది కిందికి దిగుతుంది. మరో అరగంట, ముప్పావుగంటకు చివరి విడత వస్తుంది. ఈ చివరి విడత కోసం ఆగకుండా స్లీవ్ తీసివేసినవారే తరువాత బట్టలు పాడయ్యాయని బాధపడతారు. కడుపులో ఖాళీ అయిన భావన, దానితో పాటు గాలి రావడం, సాధారణంగా పూర్తయిందనడానికి గుర్తు. కొన్ని వారాలు గడిచాక మీ శరీరం చెప్పే గుర్తు మీకే తెలుస్తుంది.

అప్పుడు స్లీవ్ తీసి, స్టోమా చుట్టూ ఉన్న చర్మాన్ని గోరువెచ్చని నీటితో కడిగి, అద్దినట్టుగా తుడిచి ఆరనివ్వండి. పౌడరు, సువాసన సబ్బు వద్దు. పూర్తిగా ఆరాక చిన్న సంచిని గాని క్యాప్‌ను గాని పెట్టుకోండి. సామానును సబ్బు నీటితో కడిగి, మంచినీటితో జాడించి, నీడలో వేలాడదీసి ఆరబెట్టండి. ఎండలో ప్లాస్టిక్ పెళుసుబారుతుంది. కోన్ పగిలినా గరుకుగా మారినా వెంటనే మార్చండి.

తొలి రెండు నెలలు

ఇరిగేషన్ మొదలుపెట్టిన చాలామంది మూడో వారంలో మానేయాలనుకుంటారు. వేళకు కడిగినా మధ్యాహ్నం మళ్లీ కొంచెం వస్తుంది, ఒక రోజు బాగుంటే మరొక రోజు బాగుండదు. పేగు వేళ నేర్చుకోవడానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది. అప్పటి వరకు మామూలు సంచినే పెట్టుకోండి, క్యాప్‌తో బయటికి వెళ్లే ధైర్యం చేయకండి. ఈ వారాలలో ఒక నోటుపుస్తకం పెట్టుకుని తేదీ, మొదలుపెట్టిన సమయం, ఎంత నీరు, ఎంతసేపట్లో వచ్చింది, మధ్యలో మళ్లీ వచ్చిందా, ముందు రాత్రి ఏమి తిన్నారు అన్న సంగతులు రాసుకోండి. మా నోటుపుస్తకంలో తిరిగి చూస్తే మధ్యలో మలం వచ్చిన రోజులన్నీ వేళ తప్పిన రోజులే. తిండి కారణం కాదు, మేము అనుకున్నట్టు నీరు చాలకపోవడమూ కారణం కాదు. రోజూ చేస్తూ ఇరవై నాలుగు గంటలు ఏ ఇబ్బందీ లేకుండా గడవడం కొన్ని వారాలు స్థిరపడితే, రోజు విడిచి రోజు చేయవచ్చా అని నర్సును అడగండి. కొందరికి అది కుదురుతుంది, మరికొందరికి రోజూ చేయడమే సుఖం.

నీరు తిరిగి రాకపోతే

నీరు లోపలికి వెళ్లి బయటికి రాకపోతే భయపడకండి, మరో లీటరు పోయకండి. శరీరంలో నీరు తక్కువగా ఉన్నప్పుడు పేగు ఆ నీటిని పీల్చుకుంటుంది. మే నెల ఉక్కలో, ఒడిశా తీరంలో ఇది తరచు జరుగుతుంది. ఏకాదశి, కార్తీక సోమవారం వంటి ఉపవాసపు రోజులలోనూ ఇంతే. కొంచెం నడవండి, పొట్టను మెల్లగా మర్దన చేయండి, తాగడానికి నీరు తీసుకోండి, సంచి పెట్టుకుని మరునాటి వరకు ఆగండి. మలబద్ధకం వల్ల నీరు అసలు లోపలికే పోకపోతే కోన్ కోణం చూసి, నీటి సంచి ఎత్తు చూసి, అయినా పోకపోతే ఆ రోజుకు వదిలేయండి. కోన్ పక్కల నుంచి నీరు కారుతుంటే కొంచెం గట్టిగా ఆనించాలి, లేదా ధార తగ్గించాలి.

విరేచనాలు పట్టుకున్న రోజున ఇరిగేషన్ చేయకూడదు. అప్పటికే పేగు ఖాళీ అవుతోంది, శరీరం నీరు కోల్పోతోంది. పెద్ద సంచి పెట్టుకుని ఓ.ఆర్.ఎస్. తాగండి, తగ్గి రెండు రోజులయ్యాక మళ్లీ వేళకు మొదలుపెట్టండి.

తిండి, ప్రయాణం, తుఫాను

తిండి మీద నేను నిషేధాలు పెట్టను. అలసందలు, శనగలు, క్యాబేజీ, ముల్లంగి, ఉల్లిపాయ గాలిని పెంచవచ్చు. ఎండుచేపలు, గుడ్లు, వెల్లుల్లి వాసనను పెంచవచ్చు. గంజాం ఇంట్లో ఎండుచేప లేకుండా ఎన్ని రోజులు గడుస్తాయి? ఒక్కొక్కటిగా తిని చూడండి, నోటుపుస్తకంలో రాసుకోండి, మీకు పడనిదాన్నే తగ్గించండి. వేసవిలో పఖాళ, అంటే నీటిలో నానబెట్టిన చద్దన్నం, నాన్నగారికి ఏ ఇబ్బందీ చేయలేదు, పైగా ఆ నీరు ఒంటికి మేలు చేసింది.

ఊరికి వెళ్లే రోజున రైలు వేళకు కనీసం రెండు గంటల ముందు పని పూర్తయ్యేలా చూసుకోండి. రైలు మరుగుదొడ్డిలో ఇరిగేషన్ ప్రయత్నించవద్దు. ఒక రోజు తప్పితే సంచి పెట్టుకోండి, ఏమీ నష్టం లేదు. రెండేళ్లకొకసారి వచ్చే బుఢీ ఠాకురాణి జాతరకు నాన్నగారు ఉదయం ఇరిగేషన్ ముగించుకుని, సంచి లేకుండా క్యాప్‌తో, సాయంత్రం దాకా జనంలో నిలబడి చూసి వచ్చారు. సంచి ఊడుతుందేమోనని పొట్ట మీద చెయ్యి పెట్టుకోకుండా ఆయన నడవడం ఆపరేషన్ తరువాత అదే మొదటిసారి.

అయినా మామూలు సంచులు ఇంట్లో ఎప్పుడూ నిల్వ ఉండాలి. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుఫాను గోపాలపూర్ దగ్గర తీరం దాటినప్పుడు, 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గర తీరం దాటి గజపతి జిల్లాను ముంచెత్తినప్పుడు, మన ఊళ్లలో రోజుల తరబడి కరెంటు లేదు, కుళాయిలు రాలేదు. ఆ రోజులలో శుభ్రమైన వెచ్చని నీటి లీటరు దొరకడం కష్టం, దొరికితే అది తాగడానికి. తుఫాను నెలలు రాకముందే, అంటే భాద్రపదంలోనే, నెలకు సరిపడా సంచులు కొని ప్లాస్టిక్ కవరులో కట్టి పెట్టండి. ఇరిగేషన్ ఆపితే పేగు పాడవదు, కొద్ది రోజులలో తన పాత తీరుకు వెళుతుంది. పరిస్థితి చక్కబడ్డాక మళ్లీ మొదలుపెట్టండి, వేళ కుదరడానికి ఈసారి కూడా కొన్ని వారాలు ఇవ్వండి.

ఆలస్యం చేయకూడని సమయాలు

కోన్ తగిలి రెండు మూడు చుక్కల రక్తం కనిపిస్తే గుడ్డతో ఒత్తిపెడితే ఆగిపోతుంది, స్టోమా లోపలి పొర పలుచన. రక్తం ఆగకపోయినా, పేగు లోపలి నుంచి వస్తున్నా ఆసుపత్రికి వెళ్లండి. స్టోమా ఊదా రంగులోకి, నలుపులోకి మారితే అక్కడికి రక్తం చేరడం లేదని అర్థం, అదే గంటలో బయలుదేరండి. ఇరిగేషన్ చేస్తుండగా గాని, చేసిన తరువాత గాని పొట్టలో తీవ్రమైన నొప్పి వచ్చి తగ్గకపోతే, పొట్ట బల్లలా గట్టిపడితే, జ్వరం వస్తే, అది పేగుకు చిల్లు పడిన లక్షణం కావచ్చు. ఏ గొట్టమూ మళ్లీ పెట్టకుండా, ఏమీ తినకుండా, తాగకుండా అత్యవసర విభాగానికి వెళ్లాలి. మలం, గాలి రెండూ రాకుండా పొట్ట ఉబ్బి వాంతులైతే కూడా అంతే. గుణుపురం, మోహన వంటి దూరపు ఊళ్లలో ఉన్నవారు రాత్రి పూట వాహనం ఎవరిదో, ఏ ఆసుపత్రికి వెళ్లాలో ముందే నిర్ణయించుకుని, ఆపరేషన్ కాగితాన్ని, స్టోమా ఏ పేగుకు పెట్టారో తెలుగులోను ఒడియాలోను రాసిన చీటీని, రెండు సంచులను ఒక బ్యాగులో పెట్టి తలుపు దగ్గర మేకుకు తగిలించి ఉంచండి. మా ఇంట్లో ఆ బ్యాగు ఎక్కడుందో ఇంట్లో అందరికన్నా చిన్నవాడైన మేనల్లుడికి కూడా తెలుసు.